క్యోటోలో ఒక సాత్త్విక భోజనం

భక్తులలో చాలామంది ఇప్పుడు పిల్లల ఉద్యోగాల నిమిత్తం విదేశాలకు వెళ్ళి వస్తున్నారు. వెళ్ళేముందు మనకు కలిగే మొదటి సందేహం వీసా గురించి కాదు, విమానం గురించి కాదు, భోజనం గురించి. "అక్కడ మనం తినదగినది దొరుకుతుందా?" అని అడగని తల్లి ఉండదు. ఈ ప్రశ్నకు నా అనుభవంలో దొరికిన సమాధానాన్ని పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. అందులో నా పొరపాటు ఒకటి ఉన్నది. దానిని దాచకుండా చెప్పడమే మేలని తోచింది.

మా అబ్బాయి జపాన్ దేశంలోని ఒసాకా నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ సంవత్సరం ఉగాది మార్చి నెలాఖరున వచ్చింది. పండుగకు రెండు రోజుల ముందు మేమిద్దరం అక్కడికి చేరుకొన్నాము. ఉగాది మొదలుకొని శ్రీరామనవమి వరకు తొమ్మిది దినాలు ఏకభుక్తం ఉండడం, ఉల్లి, వెల్లుల్లి ముట్టకపోవడం మా ఆవిడ ఎన్నో ఏళ్ళుగా పాటిస్తున్న నియమం. పరదేశంలోనైనా దానిని విడువరాదని ఆమె సంకల్పం. ఉగాదినాడు మా అబ్బాయి ఇంట్లోనే పచ్చడి చేసింది. వేపపువ్వు మాత్రం దొరకలేదు. "ఈ ఏడు చేదు లేని ఉగాది అయిందండీ" అని కొంచెం నొచ్చుకొన్నది.

అడగకుండా ఇచ్చిన హామీ

మూడవ రోజున అబ్బాయి ఆఫీసుకు వెళ్ళాడు. మేమిద్దరం ఊరు చూడడానికి బయలుదేరాము. మధ్యాహ్నం ఆమె ఏకైక భోజనవేళకు ఒక చిన్న ఫలహారశాల కనబడింది. గోధుమపిండితో చేసిన లావుపాటి సేమియా వంటి ఉడాన్, వేడి పులుసులో వేసి ఇస్తున్నారు. బొమ్మలో మాంసం ముక్క గాని, చేప గాని కనబడలేదు. పైన చల్లిన ఉల్లికాడలను మాత్రం వద్దని చేతిసైగతో చెప్పాను. "ఏమండీ, ఇది మనం తినవచ్చునా?" అని ఆమె అడిగింది. "శాకాహారమే, నిశ్చింతగా తిను" అన్నాను. ఎవరినీ అడగలేదు. అడగడానికి భాష రాదన్నది నిజమే. అయితే చేతిలో ఫోను ఉన్నది, ఫోనులో అబ్బాయి ఉన్నాడు. ఆ మాత్రం శ్రమ కూడా నేను తీసుకోలేదు.

సాయంకాలం అబ్బాయి వచ్చి ఏమి తిన్నారని అడిగాడు. చెప్పగానే అతని ముఖం మారిపోయింది. "నాన్నగారూ, ఆ పులుసు చేపతో కాచినది. కంటికి కనబడదు" అన్నాడు.

మా ఆవిడ ఒక్క మాట అనలేదు. లేచి స్నానం చేసి వచ్చి, దీపం ముందు చాలాసేపు కూర్చున్నది. మరునాడు పూర్తిగా ఉపవాసం ఉన్నది. ఆ తరువాత ఇంట్లో తాను వండిన అన్నం తప్ప బయట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనన్నది. ఆమె నన్ను నిందించి ఉంటే నాకు అంత బాధ కలిగేది కాదు.

కంటికి కనబడని చేప

జపాన్ వంటలో "దాషి" అనే రసం ఆధారం. మన చారుకు పప్పుకట్టు ఎటువంటిదో, వారి పులుసులకు, కూరలకు దాషి అటువంటిది. దీనిని సాధారణంగా కత్సువోబుషి అనే ఎండబెట్టిన చేపను పొరలుగా గీకి, నీటిలో వేసి తీస్తారు. పొరలను వడగట్టివేస్తారు కనుక రసంలో ఏ ముక్కా కనబడదు. ఉడాన్ పులుసులోనే కాక, మిసో పులుసులోను, ఉడికించిన కూరగాయలలోను, కొన్ని ఊరగాయలలోను ఇది ఉండవచ్చును. అక్కడి అనేకుల దృష్టిలో మాంసం లేనిదంతా శాకాహారమే. చేపరసం వారి లెక్కలోకి రాదు.

దీనికి చారిత్రక కారణం ఉన్నది. క్రీ.శ. 675లో తెమ్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను సంవత్సరంలో కొన్ని నెలలు నిషేధిస్తూ శాసనం చేశాడు. బౌద్ధ ప్రభావం వలన మాంసాహారంపై విముఖత అక్కడ శతాబ్దాలపాటు కొనసాగింది. 1872లో మెయిజీ చక్రవర్తి స్వయంగా గోమాంసం తిన్నట్లు లోకానికి తెలియజేసిన తరువాతనే ఆ స్థితి మారింది. అయితే అన్నేళ్ళ నిషేధంలోను సాధారణ గృహస్థులకు చేప నిషిద్ధం కాలేదు. సముద్రం చుట్టూ ఉన్న దేశం కనుక చేప వారి వంటకు మూలమైపోయింది. మాంసాన్ని, చేపను రెండింటినీ విడిచినవారు ఆలయాలలోని భిక్షువులు. వారి వంట పేరు "షోజిన్ ర్యోరి".

షోజిన్ అనగా ఏమి?

మా ఆవిడ దిగులు చూచి అబ్బాయి తన కార్యాలయంలోని స్థానికులను విచారించాడు. క్యోటో నగరపు పశ్చిమ అంచున అరాషియామా అనే చోట టెన్ర్యూజీ అనే జెన్ బౌద్ధాలయం ఉన్నదని, దాని ప్రాంగణంలోనే షిగెత్సు అనే భోజనశాలలో భిక్షువుల సంప్రదాయ భోజనం యాత్రికులకు వడ్డిస్తారని తెలిసింది. మధ్యాహ్న భోజనం మాత్రమే ఉంటుంది. తోటలోకి ప్రవేశ రుసుము వేరు. అబ్బాయి ముందుగానే విచారించి, మా నియమం చెప్పి, స్థలం ఏర్పాటు చేశాడు.

"ఆలయమే కావచ్చు. మళ్ళీ ఏదో ఒకటి ఉంటుంది. నేను మీతో వచ్చి కూర్చుంటాను, మీరిద్దరూ తినండి" అన్నది ఆమె. సరే, రావడానికి ఒప్పుకొన్నది, అదే చాలుననుకొన్నాము.

రైలులో అబ్బాయి చెప్పిన ఒక విషయం నన్ను ఆశ్చర్యపరచింది. "షోజిన్" అనే మాట సంస్కృతంలోని "వీర్యం" అనే పదానికి చైనా భాషలో చేసిన అనువాదం నుండి వచ్చినదట. బౌద్ధంలో ఆరు పారమితలలో వీర్యం ఒకటి. ఎడతెగని పూనిక, మంచి పనిలో అలసట లేని ప్రయత్నం అని దాని భావం. "ర్యోరి" అనగా వంట. మనం మాంసం లేనిది, ఉల్లి లేనిది అని లేనివాటితో గుర్తుపట్టే భోజనానికి వారు పూనిక అనే పేరు పెట్టుకొన్నారు. ఆ మాట విన్నప్పుడు ఉడాన్ దుకాణంలో నా నిర్లక్ష్యం జ్ఞాపకం వచ్చి తల దించుకొన్నాను.

పంక్తి భోజనం

టెన్ర్యూజీని 1339లో అషికాగా తకాఉజీ అనే సేనాని, అదే సంవత్సరం మరణించిన గో-దైగో చక్రవర్తి ఆత్మశాంతి కోసం స్థాపించాడు. మొదటి ఆచార్యుడైన ముసో సొసెకి రూపొందించిన కొలను, తోట నేటికీ ఉన్నవి. ఈ ఆలయం 1994లో ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో చేరింది. మేము వెళ్ళినప్పుడు చెర్రీ చెట్లు పూసి ఉన్నవి.

భోజనశాలలో కుర్చీలు, బల్లలు లేవు. చెప్పులు బయట విడిచి లోనికి వెళ్ళాలి. చాపలు పరచిన పొడవైన గదిలో ఎర్రని తివాచీ వెంట వరుసగా నేలపై కూర్చున్నాము. ఒక్కొక్కరి ముందు ఎర్రని లక్క పళ్ళెం పెట్టి, అందులో చిన్న చిన్న లక్క గిన్నెలు అమర్చారు. మా ఆవిడ నలుదిక్కులా చూచి, "మన గుడిలో పంక్తిలాగే ఉన్నదే" అన్నది. అది ఆమె నోట చాలా రోజుల తరువాత నేను విన్న సంతోషపు మాట.

ఇక్కడి భోజనంలో మెట్టుమెట్టుగా మూడు రకాలు కలవు. వాటికి మంచు, చంద్రుడు, పువ్వు అని పేర్లు. మేము తీసుకొన్నది మొదటిది. ఒక పులుసు, ఐదు వంటకాలు, అన్నం, ఊరగాయ. నువ్వులను మెత్తగా నూరి, ఒక దుంప పిండితో కలియబెట్టి ఉడికించి గడ్డకట్టించిన గోమా దోఫు మన జున్నులాగ వణుకుతున్నది. దానిపై ఆవపిండి ఘాటును తలపించే వసాబి ముద్ద చిటికెడు ఉన్నది. సోయా పాలను కాచినప్పుడు పైన కట్టే మీగడ వంటి పొర యుబా. దానిని లేత వెదురు మొలకలతో కలిపి ఉడికించారు. తీయని చిక్కుడు గింజలు, పుల్లని కూర ఒకటి, ఆవమొక్క జాతికి చెందిన పూమొగ్గల కూర ఒకటి, ఉప్పులో ఊరవేసిన ముల్లంగి ఉన్నవి.

ఈ వంటలలో దాషి చేపతో కాక, కొంబు అనే సముద్రపు నాచుతోను, ఎండు పుట్టగొడుగులతోను తీస్తారు. మాంసం, చేప, గుడ్డు లేకపోవడమే కాదు, పాలు, పెరుగు కూడా ఉండవు. ఉల్లి, వెల్లుల్లి వంటి ఐదు ఘాటు పదార్థాలు సైతం నిషిద్ధం. ఈ ఐదింటి పట్టిక దేశకాలాలను బట్టి కొంత మారుతుంది. చైనా బౌద్ధ గ్రంథాల పట్టికలో ఇంగువ కూడా ఉన్నది. దానికి వారు వాడిన పేరు మన "హింగు" శబ్దానికి అక్కడి ఉచ్చారణే. ఉల్లి మానినప్పుడు మన వంటలో రుచి కోసం ఇంగువ వేస్తామే, దానిని సైతం ఆ భిక్షువులు ఉల్లితో కలిపి విడిచిపెట్టారు.

మా ఆవిడ పుట్టగొడుగు మాట వద్ద ఆగింది. మా ఇంట పుట్టగొడుగులు వండే ఆచారం లేదు. కొంతసేపు ఆలోచించి, "ఇది మన ఇంటి అలవాటు. నా నియమం ప్రాణిని చంపనిది, ఉల్లి వెల్లుల్లి లేనిది తింటానని. అలవాటు వేరు, నియమం వేరు" అన్నది. రసం తాగింది. ముక్కగా కనబడినదానిని మాత్రం నా గిన్నెలో వేసి, "పారవేయకండి" అన్నది. అలా ఆమె తినడం మొదలుపెట్టింది.

ఆరు రుచులు

పూమొగ్గల కూర నోట పెట్టుకొని ఆమె నవ్వింది. "చేదు దొరికిందండీ!" అన్నది. లేత చేదు, వేపపువ్వంత కాదు. వెంటనే వేళ్ళు మడచి లెక్కపెట్టసాగింది. తీపి చిక్కుడు గింజలలో ఉన్నది, పులుపు కూరలో, ఉప్పు ఊరగాయలో, కారం వసాబిలో, చేదు ఈ మొగ్గలలో, వగరు చివర ఇచ్చిన పచ్చి తేనీటిలో. ఉగాది పచ్చడిలో తక్కువైనది ఆరవ రోజున పూర్తి అయింది.

జెన్ ఆలయాల వంటలోను ఆరు రుచుల లెక్క కలదు. ఐదు మనవే. ఆరవది మాత్రం వగరు కాదు. ఏ ఘాటూ కప్పివేయకుండా పదార్థపు సహజమైన రుచి తెలిసే చప్పదనాన్ని వారు ఆరవ రుచిగా గణిస్తారు. వండినవాడి చేయి కంటె పండిన వస్తువు గుణం ముందు తెలియాలని భావం. మన ఆలయాల పోటులో నైవేద్యం వండే స్వాములు రుచి చూడరు, వాసన కూడా చూడరు. స్వామికి నివేదించిన తరువాతనే అది మనకు ప్రసాదం. మన నాలుకను వెనుకకు నిలిపే క్రమశిక్షణ రెండు చోట్లా ఉన్నది.

షోజిన్ వంటకు శాస్త్రం వంటి చిన్న గ్రంథం ఒకటి ఉన్నది. జెన్ ఆచార్యుడు దోగెన్ 1237లో "టెన్జో క్యోకున్" అనే పేరుతో ఆలయ వంటవానికి బోధలు రచించాడు. టెన్ర్యూజీది వేరొక జెన్ శాఖ అయినా, జెన్ ఆలయాల వంటను గురించి చెప్పేవారు ఈ గ్రంథాన్నే స్మరిస్తారు. వంట బాధ్యతను మఠంలో అనుభవజ్ఞుడైన భిక్షువుకే అప్పగించాలని, బియ్యం తానే కడిగి, రాళ్ళు ఏరి, ఒక్క గింజైనా పోకుండా చూడాలని, ఆకుకూరను ఖరీదైన పదార్థంతో సమానంగా ఆదరించాలని అందులో ఉన్నది. దోగెన్ యువకుడుగా చైనా వెళ్ళినప్పుడు జరిగిన సంగతి కూడా అందులో చెప్పాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో, అరువది ఎనిమిదేళ్ళ వంటభిక్షువు తలపై టోపీ లేకుండా వంటకు కావలసిన సరుకును ఎండబెడుతున్నాడు. సహాయకునికి చెప్పరాదా అని దోగెన్ అడిగితే, ఇతరులు చేస్తే అది తాను చేసినట్లు కాదన్నాడట. ఇంత ఎండలో ఎందుకని అడిగితే, మరెప్పుడు చేయాలని తిరిగి ప్రశ్నించాడట. ఈ కథ విని మా ఆవిడ, "మన గుడిలో తెల్లవారుజామున మడి కట్టుకొని పోటులోకి వెళ్ళే స్వామి కూడా ఇదే మాట అంటాడు" అన్నది.

భోజనానంతరం గిన్నెలలో ఒక్క మెతుకు మిగలకుండా చూచుకొన్నాము. భిక్షువులు భోజనానికి ముందు ఆకలిగొన్న జీవులకోసం కొన్ని మెతుకులు తీసి పక్కన పెడతారు. చివర వేడినీరు పోసి, ఆ నీటితోనే పాత్ర శుభ్రం చేసుకొంటారు. మన పరిషేచనం, బలిహరణం ఎరిగినవారికి ఇందులో కొత్త ఏమీ లేదు.

ప్రయాణికులకు తెలియవలసినవి

ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద నగరాలన్నిటిలో "వీగన్" భోజనశాలలు కలవు. ఈ మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. వీగన్ అనగా మాంసం, చేప, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా విడిచిన ఆహారం. పాడిపశువులకు కలిగే కష్టాన్ని తలచి వారు పాలను విడిచారు. మనకు పాలు అభిషేకద్రవ్యం, నెయ్యి హవిస్సు. అయినా దూడకు కడుపునిండా విడిచిన తరువాతనే పాలు పితకాలన్నది మన పెద్దల మాట. వారి ప్రశ్న మన ధర్మానికి పరాయిది కాదని గ్రహిస్తే చాలును.

వీగన్ భోజనశాలలో పాలు లేకపోయినా ఉల్లి, వెల్లుల్లి సాధారణంగా ఉంటవి. మన ఆలయ భోజనంలో నెయ్యి ఉంటుంది, ఉల్లి ఉండదు. షోజిన్ భోజనంలో రెండూ ఉండవు. కనుక నియమం గలవారు వీగన్ అనే పేరు చూచి ఊరుకోక ఉల్లి, వెల్లుల్లి సంగతి విడిగా అడగాలి. షోజిన్ వంటలోను "మిరిన్" అనే తీయని బియ్యపు మద్యాన్ని రుచికి వాడే చోట్లు ఉన్నవి. పుట్టగొడుగులు దాదాపు అంతటా ఉంటవి. ఇవి కూడదనుకొనేవారు స్థలం ఏర్పాటు చేసుకొనేటప్పుడే చెప్పుకోవాలి. వడ్డించిన తరువాత చెబితే వండినవారి శ్రమ, అన్నం రెండూ వృథా అవుతవి.

మన దేశంలో పొట్లాలపై ఉండే ఆకుపచ్చ చుక్క అక్కడ ఉండదు. జపాన్ వెళ్ళేవారు కొన్ని మాటలు నేర్చుకోవడం మంచిది. నికు అనగా మాంసం, సకానా అనగా చేప, తమాగో అనగా గుడ్డు, తమానెగి అనగా ఉల్లి, నెగి అనగా ఉల్లికాడ, నిన్నికు అనగా వెల్లుల్లి. ఏ మాటకైనా చివర "నాషి" చేరిస్తే "లేకుండా" అని అర్థం. అన్నిటికంటె ముఖ్యంగా "కత్సువో దాషి" ఉన్నదా అని అడగాలి. ఇవన్నీ వారి లిపిలో ఒక చీటీపై వ్రాయించి దగ్గర ఉంచుకొంటే నోటి మాట తడబడినా పని జరుగుతుంది.

నాకు తెలిసినది

స్వదేశానికి వచ్చిన తరువాత మా ఆవిడ ఆలయానికి వెళ్ళి, మూడవ రోజున జరిగినదంతా అర్చకస్వామికి చెప్పుకొన్నది. తెలియక జరిగినదానిని స్వామికి విన్నవించుకొంటే చాలునమ్మా అని ఆయన ఓదార్చారు. ఆ తరువాత నావైపు తిరిగి, "తెలుసుకోగలిగి తెలుసుకోకపోవడం మాత్రం వేరు" అన్నారు. ఆయన అన్నది సబబే.

భగవద్గీతలో ఆహారం సాత్త్వికము, రాజసము, తామసము అని విభజింపబడినది పదిహేడవ అధ్యాయంలో. ఆ అధ్యాయం పేరు శ్రద్ధాత్రయ విభాగ యోగం. ఎన్నోసార్లు పారాయణ చేసి కూడా, ఆహార విచారణ శ్రద్ధను గూర్చిన అధ్యాయంలో ఎందుకున్నదని నేను ఆలోచించలేదు. ఎక్కడో తూర్పు సముద్రపు దేశంలో, వంటకు పూనిక అని పేరు పెట్టుకొన్నవారి పంక్తిలో కూర్చున్నప్పుడు అది తెలిసింది. తినే వస్తువు శుద్ధమైనదే కావచ్చును. అది శుద్ధమో కాదో విచారించే శ్రద్ధ లేనివాని చేతిలో అది నిలువదు.

ఇప్పుడు మా ఆవిడ శనివారాలలో మన అన్నప్రసాద కేంద్రంలో కూరగాయలు తరిగే సేవకు వెళుతున్నది. నేనూ వెంట వెళుతున్నాను. బియ్యంలో రాళ్ళు ఏరడం నా పని. ఒక్క గింజ కింద పడినా తీసి కడిగి మళ్ళీ వేస్తాను. నిదానంగా చేస్తున్నానని పక్కవారు నవ్వుతారు. ప్రయాణాలు చేసే భక్తులకు నా విన్నపం ఒక్కటే. మీ వారు "ఇది మనం తినవచ్చునా?" అని అడిగినప్పుడు, తెలియనిచో తెలియదనండి. అడిగి తెలుసుకొని, ఆ తరువాత సమాధానం చెప్పండి.